పాల డెయిరీ డాష్‌బోర్డులో ఏ లెక్కకు ఏ చార్టు పెట్టాలి?

నమస్తే అండీ. ముందు మీ సమస్య నాకు అర్థమైనంత వరకు చెబుతాను. పలమనేరు వైపు ఒక ప్రైవేటు పాల డెయిరీలో మీరు ఎం.ఐ.ఎస్. (రోజువారీ లెక్కల రిపోర్టుల పని) చూస్తున్నారు. లెక్కలను చార్టులుగా చూపించే పవర్ బీఐ సాఫ్ట్‌వేర్‌లో డాష్‌బోర్డు చేయమని ఎం.డి. గారు చెప్పారు. మీరు కష్టపడి ఒకే పేజీలో 14 చార్టులు అమర్చారు: మూడు పై చార్టులు (గుండ్రటి బిళ్ళను ముక్కలు చేసినట్టుండేవి), రెండు గేజులు, ఒక మ్యాపు, ఒక ట్రీమ్యాపు (పెద్ద చతురస్రాన్ని చిన్న గడులుగా కోసినట్టుండేది), మిగతావన్నీ కార్డులు, కాలమ్ చార్టులు. మొదటి రోజు అందరూ బాగుందన్నారు. నెల తిరిగేసరికి ఎం.డి. గారు మళ్ళీ పాత ఎక్సెల్ షీటే వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. "ఏ లెక్కకు ఏ చార్టు పెట్టాలి, నేను ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగారు.

నేను చిత్తూరు చుట్టుపక్కల డెయిరీల్లోనూ, కొన్నాళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ పదహారేళ్ళుగా రిపోర్టుల పనే చేస్తున్నాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ నాలుగైదు కంపెనీలకు ఇదే చేసిపెడుతున్నాను. మీ పరిస్థితి నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ పేజీలో సరిపడని చార్టులు నాలుగైదు ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. అయితే ఎం.డి. గారు ఎక్సెల్‌కు తిరిగి వెళ్ళడానికి కారణం అవి కాదు. ఆయన పొద్దున లేవగానే ఒక ప్రశ్నతో ఫోను తీస్తారు. "నిన్న పాలు తగ్గాయా? తగ్గితే ఏ రూటులో?" అంతే. మీ ఎక్సెల్ షీటులో రూటు పేరు, నిన్నటి లీటర్లు, మొన్నటి లీటర్లు పక్కపక్కనే ఉంటాయి. పది సెకన్లలో జవాబు దొరుకుతుంది. కొత్త పేజీలో అదే జవాబు కోసం నాలుగు చార్టుల మీద వేలు పెట్టి చూడాలి. అందుకే, చార్టు ఎంచుకునే ముందు ఆ చార్టు చూసే మనిషి నోటితో అడిగే ప్రశ్నను కాగితం మీద రాయండి. ప్రశ్న దొరికితే చార్టు దాదాపు దానంతటదే తేలుతుంది.

ఈ పని కంప్యూటర్ దగ్గర కూర్చుంటే కాదు. ప్రొక్యూర్‌మెంట్ (పాల సేకరణ) మేనేజరు దగ్గర అరగంట, ప్లాంట్ మేనేజరు దగ్గర అరగంట, అకౌంట్స్‌లో అరగంట కూర్చోండి. "మీకు ఏం చార్టు కావాలి?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే అందరూ పై చార్టే చెబుతారు. "నిన్న మీరు ఎవరికి ఫోన్ చేశారు, ఏమడిగారు?" అని అడగండి. ప్రొక్యూర్‌మెంట్ ఆయన "ఫలానా ఏజెంటు మూడు రోజులుగా సాయంత్రం పూట పాలు ఎందుకు పోయడం లేదని అడిగాను" అంటారు. ప్లాంట్ ఆయన "ట్యాంకర్‌లో ఎస్.ఎన్.ఎఫ్. (ఫ్యాట్ కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) పడిపోయింది, టోన్డ్ మిల్క్‌కి ఎంత పౌడరు కలపాలో చూశాను" అంటారు. అకౌంట్స్ వాళ్ళకు పోసిన పాలకు ఇచ్చే పది రోజుల బిల్లు తప్ప వేరే ధ్యాస ఉండదు. ఈ ముగ్గురి ప్రశ్నలూ ఒక పేజీలో పట్టవు. మూడు పేజీలు చేయండి. ఎం.డి. గారికి నాలుగోది, అన్నిటికంటే చిన్నది.

ఇక్కడ పవర్ బీఐలో మాటల తేడా ఒకటి తెలుసుకోవాలి. మనం పవర్ బీఐ డెస్క్‌టాప్ ప్రోగ్రాములో చేసేది రిపోర్టు, దానికి ఎన్ని పేజీలైనా ఉండొచ్చు. పవర్ బీఐ లెక్కలో డాష్‌బోర్డు అంటే ఆన్‌లైన్ సర్వీసులో ఉండే ఒకే ఒక్క పేజీ. వేర్వేరు రిపోర్టుల నుంచి ఒక్కో చార్టును పిన్ చేసి అక్కడ పెడతాం, అలా పెట్టినదాన్ని టైలు అంటారు. ఒక టైలు మీద నొక్కితే అది ఏ రిపోర్టు పేజీ నుంచి వచ్చిందో ఆ పేజీ తెరుచుకుంటుంది. మీరు ఎం.డి. గారి కోసం వాడుకోవాల్సింది సరిగ్గా దీన్నే. పైన నాలుగు టైళ్ళు పెట్టండి. తేడా కనబడినదాని మీద ఆయన నొక్కితే లోపలి పేజీకి వెళ్తారు. 14 చార్టులూ ఒకేసారి ఆయన కళ్ళ ముందు పరచాల్సిన పని లేదు.

ఇక చార్టుల దగ్గరికి వద్దాం.

"ఎంత?" అనే ప్రశ్నకు కార్డు. పెద్ద అక్షరాల్లో ఒకే అంకె. మీరు కార్డు పెట్టారు గానీ అందులో 48,320 అని మాత్రమే ఉంది. అది మంచా చెడా చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? దాని కింద చిన్న అక్షరాల్లో "గత 7 రోజుల సగటు కంటే 1,150 తక్కువ" అని రావాలి. నిన్నటితో మాత్రమే పోల్చకండి. పండగ రోజుల్లో, ఊళ్ళో జాతర ఉన్నప్పుడు పాలు ఇళ్ళల్లోనే ఆగిపోతాయి, మర్నాడు ఒక్కసారిగా పెరిగినట్టు కనబడుతుంది. ఏడు రోజుల సగటు ఆ కుదుపుల్ని మింగేస్తుంది.

"పెరుగుతోందా, తగ్గుతోందా?" అంటే లైన్ చార్టు. కాలం ఉన్నచోట లైను, ఇది దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. మీరు నెలవారీ కాలమ్ చార్టు పెట్టారు. దాని బదులు రోజువారీ లైను గీసి, పోయిన ఏడాది ఇదే కాలం లైనును లేత బూడిద రంగులో వెనకాల పెట్టండి. మన వైపు ఎండాకాలంలో పచ్చిమేత లేక పాలు తగ్గుతాయి, వానలు పడి గడ్డి వచ్చాక పెరుగుతాయి. ఏప్రిల్‌లో లైను కిందికి దిగితే అది మన తప్పా, కాలం తీరా అన్నది పోయినేటి లైను పక్కన ఉంటేనే తెలుస్తుంది. ఉదయం పూట, సాయంత్రం పూట పాలకు రెండు విడి లైన్లు గీయండి. సాయంత్రం లైను మాత్రమే పడిపోతోందంటే చాలాసార్లు బండి టైము తప్పిందనో, ఇంకో డెయిరీ సాయంత్రం పూట కొనడం మొదలుపెట్టిందనో అర్థం. రెండూ కలిపిన లైనులో ఈ సంగతి కనబడదు.

"ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ?" అంటే అడ్డంగా పడుకున్న బార్ చార్టు. కాలమ్ చార్టులో రూటు పేర్లు నిలువుగా తిరిగిపోయి మెడ వంచి చదవాల్సి వస్తుంది. బంగారుపాళెం, గంగాధర నెల్లూరు లాంటి పేర్లు పట్టవు. బార్లు అడ్డంగా ఉంటే పేర్లు హాయిగా చదవొచ్చు. పేర్ల అక్షర క్రమంలో కాకుండా విలువ క్రమంలో పేర్చండి. ఇంకో మాట, మొత్తం లీటర్ల ప్రకారం పేర్చితే ఎప్పుడూ అదే పెద్ద రూటు పైన ఉంటుంది. అది అందరికీ తెలిసిందే. గత వారం కంటే ఎన్ని లీటర్లు తగ్గాయో ఆ తేడా ప్రకారం పేర్చితే, ఈ రోజు ఫోన్ చేయాల్సిన రూటు పైకి వస్తుంది.

పై చార్టుల గురించి. విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండ్ ఆయన 1786లో లైన్, బార్ చార్టులు అచ్చు వేశాడు, 1801లో పై చార్టు కూడా ఆయనే వేశాడు. అప్పటి నుంచి అది అందరికీ ఇష్టమే. కానీ 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు మనుషుల మీద పరీక్షించి చూస్తే, ఒకే గీత మీద నిలబెట్టిన విలువల్ని మన కన్ను చాలా కచ్చితంగా పోల్చుతుందనీ, కోణాలను పోల్చడంలో తడబడుతుందనీ తేలింది. మీ పై చార్టులో 22 రూట్లున్నాయి, 22 ముక్కలు. 5 శాతం ముక్కకూ 6 శాతం ముక్కకూ తేడా ఎవరికీ కనబడదు. రెండో పై చార్టు ఆవు పాలు, గేదె పాలు. మన జిల్లా అంతా సంకర జాతి ఆవులే కాబట్టి అది దాదాపు ఒకే రంగు బిళ్ళలా ఉంది. ఒక వాక్యంలో చెప్పేదానికి చార్టు అక్కర్లేదు. పై చార్టులు మూడూ తీసేయండి. ట్రీమ్యాపుకు కూడా ఇదే మాట.

గేజు విషయంలో నాకు ఒక అనుభవం ఉంది. నేను మొదట పనిచేసిన ఒక డెయిరీలో ఎం.డి. గది గోడకు టీవీ పెట్టి, అందులో స్పీడోమీటరు లాంటి గేజు చూపించేవాళ్ళం. టార్గెట్‌లో 96 శాతం, ముల్లు పచ్చ రంగులో. నెలంతా అలాగే ఉంది. ఆ నెలలోనే మూడు పాత రూట్లు సగానికి సగం ఖాళీ అయ్యాయి. కొత్తగా తెరిచిన ఒక రూటు పాలు వాటి లోటును పూడ్చడంతో మొత్తం అంకె కదలలేదు. పాత రూట్ల రైతులు వెళ్ళిపోయాక గానీ మాకు తెలియలేదు. వాళ్ళను మళ్ళీ తెచ్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. గేజు పావు పేజీ తినేసి ఒకే అంకె చెబుతుంది, ఆ అంకె వెనకాల ఏం జరుగుతోందో చెప్పదు. టార్గెట్ చూపించాలంటే బార్ మీద చిన్న నిలువు గీత చాలు. అదే చోటులో పది రూట్ల టార్గెట్లు పట్టేస్తాయి.

ఇప్పుడు మీ ఎం.డి. గారి ఎక్సెల్ షీటు గురించి. టేబుల్ అంటే తక్కువ రకం, చార్టు అంటే గొప్ప అనే భావన మనలో చాలామందికి ఉంది. అది పోవాలి. కచ్చితమైన అంకె కావలసినప్పుడు టేబులే సరైనది. పవర్ బీఐలో మ్యాట్రిక్స్ అని ఉంటుంది. నిలువు వరసలో 22 రూట్లు, అడ్డ వరసలో గత 14 రోజులు. ప్రతి గడిలో ఆ రోజు లీటర్లు. దానికి కండిషనల్ ఫార్మాటింగ్‌లో నేపథ్య రంగు పెట్టండి. ఆ రూటు తన సొంత సగటు కంటే ఎంత తగ్గితే అంత ముదురు నారింజ, మామూలుగా ఉంటే తెలుపు. ఆ రూటు సొంత సగటు అన్నది ముఖ్యం. లేకపోతే చిన్న రూట్లన్నీ ఎప్పుడూ రంగులోనే ఉంటాయి. ఈ మ్యాట్రిక్స్ చూడగానే రెండు రకాల మచ్చలు కనిపిస్తాయి. ఒక రూటు వెంబడి అడ్డంగా నాలుగైదు రోజులు రంగు సాగితే ఆ రూటులో ఏదో ఉంది. ఒక తేదీ వెంబడి అన్ని రూట్లలో నిలువుగా రంగు దిగితే అది వాన, బంద్, పండగ, లేదా ఆ రోజు డేటా పూర్తిగా ఎక్కకపోవడం. ఎం.డి. గారికి తన ఎక్సెల్ పోలేదనిపిస్తుంది, పైగా రంగు కూడా వచ్చింది. నేను చేసినవాటిలో రోజూ తెరిచి చూసేది ఈ పేజీనే.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఎరుపు, ఆకుపచ్చ జంట వాడకండి. మగవాళ్ళలో కొందరికి ఆ రెండిటికీ తేడా తెలియదు, తెలియదని వాళ్ళు చెప్పరు కూడా. నీలం, నారింజ జంట అందరికీ తెలుస్తుంది.

మ్యాపు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. మీరు మ్యాపులో "చిత్తూరు జిల్లా" అని ఇస్తే పాత హద్దులు వస్తున్నాయనీ, 2021 లెక్కలతో పోల్చితే సగానికి పడిపోయినట్టు చూపిస్తోందనీ రాశారు. జిల్లా హద్దు మారితే పాత లెక్కను కూడా కొత్త హద్దు ప్రకారం తిరిగి కట్టాలి. అందుకు ప్రతి సొసైటీకి (ఊళ్ళో పాలు పోసే కేంద్రానికి) మండలం పేరు ఒక కాలమ్‌లో, ఇప్పటి జిల్లా పేరు ఇంకో కాలమ్‌లో పెట్టుకుని, జిల్లాను ఎప్పుడూ ఆ మాస్టర్ టేబుల్ నుంచే తీసుకోండి. మళ్ళీ హద్దులు మారినా ఒకచోట సరిచేస్తే చాలు. ఊరి పేరుతో మ్యాపు వేయొద్దు, ఒకే పేరున్న ఊళ్ళు మనకు చాలా ఉన్నాయి. చుక్క తీసుకెళ్ళి ఇంకో రాష్ట్రంలో పెడుతుంది. బల్క్ కూలర్ల (చుట్టుపక్కల ఊళ్ళ పాలు చేర్చి చల్లబరిచే పెద్ద ట్యాంకుల) అక్షాంశ రేఖాంశాలు ఒకసారి ఫోన్‌లో పట్టుకుని ఎక్కించండి. నిజానికి మ్యాపు మీకు రోజూ పనికిరాదు. ఒకే ప్రశ్నకు పనికొస్తుంది: కొత్త బల్క్ కూలర్ ఎక్కడ పెట్టాలి? ఆ ప్రశ్న ఏడాదికోసారి వస్తుంది. కాబట్టి మ్యాపును వెనక పేజీకి పంపండి.

ఇప్పుడు మీ పేజీలో లేనిదీ, మీకు అన్నిటికంటే అవసరమైనదీ చెబుతాను: స్కాటర్ చార్టు. ప్రతి సొసైటీ ఒక చుక్క. అడ్డంగా ఫ్యాట్, నిలువుగా ఎస్.ఎన్.ఎఫ్. ఇది ఎందుకంటే, పాలలో నీళ్ళు కలిస్తే రెండూ ఒకే నిష్పత్తిలో పడిపోతాయి. 4.0 ఫ్యాట్, 8.5 ఎస్.ఎన్.ఎఫ్. ఉన్న పాలు అనుకోండి. వంద లీటర్లలో పది లీటర్లు నీళ్ళయితే ఫ్యాట్ 3.6, ఎస్.ఎన్.ఎఫ్. 7.65 అవుతాయి. చుక్క ఎడమకు, కిందికి ఏటవాలుగా జారుతుంది. అదే మీగడ తీస్తే ఫ్యాట్ మాత్రం 3.0కి పడిపోతుంది, ఎస్.ఎన్.ఎఫ్. అక్కడే ఉంటుంది, ఇంకా పిసరంత పెరుగుతుంది. చుక్క నేరుగా ఎడమకు జరుగుతుంది. రెండు వేర్వేరు లైన్ చార్టుల్లో ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టం. స్కాటర్‌లో చూడగానే తెలుస్తుంది. ఆవు పాలకు ఫుడ్ సేఫ్టీ ప్రమాణం ఫ్యాట్ 3.2, ఎస్.ఎన్.ఎఫ్. 8.3 కాబట్టి ఆ రెండు విలువల దగ్గర సన్నని గీతలు పెట్టండి.

అయితే ఈ చార్టుతో జాగ్రత్తగా ఉండాలి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. నేను పనిచేసిన ఇంకో చోట స్కాటర్‌లో కింద పడిన సొసైటీల పేర్లు తీసి, నీళ్ళు కలుపుతున్నారని చెప్పి పది రోజుల బిల్లులో కోత పెట్టారు. ఒక ఊళ్ళో ఏజెంటు, పెద్ద మనిషి, "సామీ, నేను ఇరవై ఏండ్లుగా పాలు పోయిస్తా ఉండా, మా ఊర్లో అట్ల ఎవురూ చేయరు" అని ఆఫీసుకొచ్చి నిలబడి ఏడ్చాడు. ఆ తర్వాత నేను కూర్చుని చూస్తే, ఆయన సొసైటీ ఒక్కటే కాదు, అదే బల్క్ కూలర్‌కు పాలు పోసే తొమ్మిది సొసైటీల చుక్కలూ ఒకే రోజు, ఒకే కొలతలో కిందికి జరిగాయి. తొమ్మిది ఊళ్ళు ఒకే రోజు నీళ్ళు కలపవు కదా. అక్కడ ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. కొలిచే మిల్క్ అనలైజర్ మిషన్ కాలిబ్రేషన్ తప్పింది, అంటే కొలతే తప్పుగా చూపిస్తోంది. డబ్బు తిరిగి ఇచ్చారు, కానీ ఆయన మళ్ళీ మాకు పాలు పోయించలేదు. అందుకే స్కాటర్‌లో చుక్కలకు బల్క్ కూలర్ వారీగా రంగు ఇవ్వండి. ఒక రంగు చుక్కలన్నీ కలిసి జరిగితే ముందు మిషన్‌ని చూడాలి. ఒక్క చుక్క జరిగితే ఊరికి మనిషిని పంపాలి. ఆ మనిషి కూడా ఎండ, మేత, పొదుగువాపు గురించి అడిగి తెలుసుకున్నాకే మాట్లాడాలి, ఎందుకంటే వాటివల్ల కూడా ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతుంది. ఏజెంట్ల పేర్లున్న ఈ పేజీని టీవీలో ఎప్పుడూ వేయకండి.

చార్టు ఎంత చక్కగా ఉన్నా లెక్క తప్పితే అంతా తప్పే. మీ డాష్‌బోర్డులో సగటు ఫ్యాట్ 4.0 అని వస్తోంది, ప్లాంట్ రిజిస్టర్‌లో 4.4 ఉంది, ఎందుకో తెలియడం లేదని రాశారు. మీరు ఫ్యాట్ కాలమ్‌ను లాగి "యావరేజ్" పెట్టి ఉంటారు. ఒక సొసైటీ 200 కిలోలు 3.5 ఫ్యాట్‌తో పోసింది, ఇంకొకటి 2,000 కిలోలు 4.5తో పోసింది. మామూలు సగటు 4.0. కానీ ట్యాంకులో ఉన్న పాల ఫ్యాట్ 4.41. ఎందుకంటే మొత్తం ఫ్యాట్ 7 కిలోలు, 90 కిలోలు కలిపి 97 కిలోలు, దాన్ని 2,200తో భాగించాలి. కాబట్టి ఫ్యాట్ శాతాన్ని ఎక్కడా నేరుగా సగటు చేయకండి. ప్రతి వరసలో ఫ్యాట్ కిలోలు అని ఒక కాలమ్ కట్టండి, మెజర్‌లో (పవర్ బీఐలో మనం రాసుకునే లెక్క సూత్రంలో) మొత్తం ఫ్యాట్ కిలోలను మొత్తం పాల కిలోలతో భాగించండి. పవర్ బీఐలో దీనికి డివైడ్ ఫంక్షన్ వాడితే పాలు రాని రోజు సున్నాతో భాగించిన ఎర్రర్ రాదు. ఎస్.ఎన్.ఎఫ్.కీ ఇంతే. లీటర్లను కిలోలు చేయడానికి 1.03తో గుణించడం మామూలే, కానీ మీ ప్లాంటులో ఏ అంకె వాడుతున్నారో అడిగి అదే వాడండి. రెండు చోట్ల రెండు అంకెలుంటే నెలాఖరులో షార్టేజి లెక్క ఎప్పటికీ కలవదు.

"రోజు" అంటే ఏమిటో కూడా తేల్చుకోండి. చాలా డెయిరీల్లో సాయంత్రం పాలు కూలర్‌లో ఉండి మర్నాడు ఉదయం పాలతో కలిసి ట్యాంకర్ ఎక్కుతాయి. ప్రొక్యూర్‌మెంట్ లెక్కలో అవి నిన్నటి పాలు, ప్లాంట్ లెక్కలో ఇవాళ్టివి. మీ ప్రొక్యూర్‌మెంట్ కార్డు, ప్లాంట్ కార్డు కలవకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. సేకరణ తేదీ, అందిన తేదీ రెండు కాలమ్‌లు పెట్టి, ఏ పేజీ ఏ తేదీ ప్రకారమో పేజీ పైనే రాయండి.

తేదీలకు విడిగా ఒక డేట్ టేబుల్ చేసుకోండి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది, సాఫ్ట్‌వేర్ జనవరి అనుకుంటుంది. సంవత్సరం మొదటి నుంచి మొత్తం లెక్కగట్టే టోటల్ వైటీడీ ఫంక్షన్‌లో సంవత్సరాంతం మార్చి 31 అని ఇచ్చే వీలుంది, అది ఇవ్వండి. నెలల పేర్లు అక్షర క్రమంలో పడి ఏప్రిల్ తర్వాత ఆగస్టు వస్తోందని అడిగారు. నెల సంఖ్య అని ఇంకో కాలమ్ చేసి, ఏప్రిల్‌కు 1, మార్చికి 12 ఇచ్చి, "సార్ట్ బై కాలమ్"లో దాన్ని ఎంచుకోండి. లక్షలు కావలసిన చోట సాఫ్ట్‌వేర్ మిలియన్లు చూపిస్తుంది. మెజర్‌నే లక్షతో భాగించి, పేరులో "లక్షల లీటర్లు" అని రాసేయడం సులువు.

ఇంకో చిన్న విషయం, కానీ దీనివల్ల చాలా గొడవలు వస్తాయి. బార్ చార్టు గీత సున్నా నుంచే మొదలవ్వాలి. బార్ పొడవే అక్కడ విలువ. 40,000 నుంచి మొదలుపెడితే 42,000 బారు 41,000 బారుకు రెండింతలుగా కనబడుతుంది, ఆ రూటు సూపర్‌వైజర్ అనవసరంగా మాట పడతాడు. లైన్ చార్టుకు ఈ పట్టింపు లేదు. ఫ్యాట్ లైను 3 నుంచి 5 మధ్య గీయొచ్చు, గీయాలి కూడా. సున్నా నుంచి గీస్తే ఆ లైను ఎప్పుడూ చదునుగానే ఉండి ఏమీ చెప్పదు.

ప్లాంటు వాళ్ళ పేజీకి ఒక వాటర్‌ఫాల్ చార్టు పెట్టండి. ఎడమ చివర సేకరించిన పాలు, అక్కడి నుంచి రవాణాలో పోయినవి, పులిసిపోయి తిప్పి పంపినవి, కడుగుడులో పోయినవి, కుడి చివర ప్యాకెట్లయినవి. ఎక్కడ ఎంత మెట్టు దిగిందో కనబడుతుంది. దీన్ని లీటర్లలో కాకుండా ఫ్యాట్ కిలోలలో గీస్తే డబ్బు ఎక్కడ కారిపోతోందో ఇంకా బాగా తెలుస్తుంది.

ఎవరు ఎక్కడ నిలబడి చూస్తారన్నది కూడా ఆలోచించండి. పాలు దించుకునే చోట టీవీ పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది, కింద క్యాన్ల చప్పుడు, చేతులు తడి. అక్కడ మూడే అంకెలు, పెద్దగా, ఏ స్లైసరూ (నొక్కి ఎంచుకునే ఫిల్టరు) లేకుండా. ఎం.డి. గారు, రూటు సూపర్‌వైజర్లు ఫోనులో చూస్తారు. డెస్క్‌టాప్‌లో వ్యూ ట్యాబులో మొబైల్ లేఔట్ ఉంది, అందులో విడిగా నిలువుగా అమర్చుకోండి. కంప్యూటర్ పేజీనే ఫోనులో చూపిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. మీ పేజీని ఎవరూ తెరవకపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు. సూపర్‌వైజర్ల పేజీ తెలుగులోనే చేయండి. ఊళ్ళ పేర్లు, శీర్షికలు తెలుగులో ఉంటే వాళ్ళు చదివే తీరే వేరు. విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటులో ఒత్తులు సరిగ్గా వస్తాయి. ఏ సూపర్‌వైజర్‌కు ఆయన రూటే కనిపించేలా రో లెవెల్ సెక్యూరిటీ పెట్టండి.

లైసెన్సు ఖర్చు తప్పించుకోవడానికి "పబ్లిష్ టు వెబ్" వాడదామా అని అడిగారు. దయచేసి వద్దు. ఆ లింకు పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగేది. ఏ ఏజెంటు ఎన్ని పాలు పోస్తున్నాడు, ఎంత రేటు అన్నది పక్క డెయిరీ చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది. చూసేవాళ్ళు ఐదారుగురే అయితే ప్రో లైసెన్సులు తీసుకోండి. అదీ కుదరకపోతే రోజూ ఉదయం పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో పెట్టండి. అది చిన్నతనం కాదు, చాలా కంపెనీల్లో నేను చేస్తున్నదదే.

చివరిగా రిఫ్రెష్, అంటే కొత్త డేటాను రిపోర్టులోకి తెచ్చుకోవడం. మీ డేటా ఆఫీసు సర్వర్‌లో ఉంది కాబట్టి ఆ డేటాను ఆన్‌లైన్ సర్వీసుకు అందించే గేట్‌వే ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేయాలి. అది మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఎప్పుడూ ఆన్‌లో ఉండే మిషన్‌లో ఉండాలి. లేకపోతే మీరు సెలవు పెట్టిన రోజు ఎం.డి. గారికి మొన్నటి పాలు కనబడతాయి. ప్రో లైసెన్సులో రోజుకు ఎనిమిది సార్లు షెడ్యూల్ చేయొచ్చు, అరగంట చొప్పున సమయాలు ఎంచుకోవాలి. మీకు అన్ని అక్కర్లేదు. ఉదయం పాల ఎంట్రీ తొమ్మిదింటికి అయిపోతుందన్నారు కదా, తొమ్మిదిన్నరకు ఒకటి, సాయంత్రం ఎంట్రీ తర్వాత ఒకటి, ట్యాంకర్ వచ్చాక ఒకటి. పేజీ మూల "చివరగా వచ్చిన పాల ఎంట్రీ: ఇవాళ ఉదయం 8:50" అని ఒక చిన్న కార్డు పెట్టండి. రిఫ్రెష్ అయిన సమయం కాదు, డేటాలో ఉన్న ఆఖరి ఎంట్రీ సమయం. రిఫ్రెష్ అయినా ఒక సెంటర్ వాళ్ళు ఎంట్రీ చేయకపోతే అది దీనిలోనే బయటపడుతుంది.

ముందు ఆ మ్యాట్రిక్స్ పేజీ ఒక్కటి చేసి ఎం.డి. గారి ఫోనులో తెరిచి చూపించండి. ఆయన మొదట ఏ గడి మీద వేలు పెట్టారో, ఏమడిగారో రాయండి. రెండో పేజీ ఏం చేయాలో దాన్నిబట్టి చెబుతాను.